నల్లమల కాలిదారి: పూర్వపు శ్రీశైల యాత్రకు సన్నాహం

కర్నూలు సీమలో ఆత్మకూరుకు చేరువనున్న వెంకటాపురం దగ్గర అడవిలో ప్రవేశించి, నాగలూటి, దామెర్లకుంట, పెద్దచెరువు, భీమునికొలను మీదుగా కైలాసద్వారమనే రాతి తోరణం చేరి, అక్కడినుంచి శ్రీశైలానికి సాగే పాత కాలిదారి పొడవు దాదాపు 40 కిలోమీటర్లు. ఇరవయ్యో శతాబ్ది నడిమి కాలంలో దోర్నాల వైపు నుంచి ఘాట్ రోడ్డు పడేదాకా రాయలసీమ పడమటి తాలూకాల వారికి, కన్నడ దేశపు భక్తులకు ఇదే ముఖ్యమైన మార్గం. కడప సీమలోని సిద్ధవటాన్ని దక్షిణ ద్వారంగాను, అలంపురాన్ని పశ్చిమ ద్వారంగాను క్షేత్రసంప్రదాయం చెప్పుకొన్నా, బాటసారికి ద్వారాలకన్నా ముందు తెలియవలసింది దారిలో నీరెక్కడుందన్నదే.

నల్లమల వరసలు చాలావరకు గట్టి క్వార్ట్‌జైట్ రాతితోను, పలకరాతితోను ఏర్పడినవి కావడంచేత వానాకాలపు నీరు వాగుల వెంట వేగంగా జారిపోయి, మాఘమాసం నాటికి మడుగులుగా, కుంటలుగా మాత్రమే మిగులుతుంది. శివరాత్రి మాఘ బహుళ చతుర్దశినాడు వస్తుంది గనుక చలి తగ్గి, ఎండ ముదరక, అడవిజ్వరాల బెడద కొంత సద్దుమణిగిన రోజుల్లోనే యాత్ర సాగేది. అయితే ఆ సౌకర్యానికి వెల నీటి కరవు. మజిలీలు, అంటే బాటసారులు దిగి సేదదీరే చోట్లు, దూరాన్ని సమంగా పంచి కాక నీరున్నచోటల్లా ఏర్పడ్డాయి. ఒక మజిలీనుంచి మరో మజిలీకి ఎంత పొద్దున బయలుదేరాలి, ఎన్ని సొరబుర్రల నీళ్లు మోయాలి అన్న లెక్కే సన్నాహంలో అసలు భాగం.

మూటలో కట్టుకునేవి పాడవని తిండ్లు: ఎండబెట్టిన జొన్నరొట్టెలు, బొరుగులు, వేయించిన శనగలు, బెల్లం. సంగటి ఈ సీమకు రోజూ తినే తిండే అయినా రెండో పొద్దుకు పులుస్తుంది గనుక, పల్లెనుంచి బయలుదేరిన తొలిపూటకే అది అక్కరకొచ్చేది. చేతికర్ర, కిర్రుచెప్పులు, కంబళి ఉంటే బీద రైతుకు సరంజామా పూర్తయినట్లే.

అయితే సన్నాహమంతా యాత్రికుడి మూటలో వెతకడం పొరపాటు. అందులో పెద్ద భాగాన్ని వందల ఏళ్ల ముందే మరొకరు చేసిపెట్టారు. కొండవీటి రాజ్యానికి మూలపురుషుడైన ప్రోలయ వేమారెడ్డి (1325–1353) శ్రీశైలానికి, అహోబిలానికి మెట్లు కట్టించిన కీర్తి పొందాడు. విజయనగర చక్రవర్తి రెండవ హరిహరరాయల దేవి విఠలాంబ 1393లో పాతాళగంగకు, అంటే గుడి దిగువన కృష్ణానది రేవుకు, సోపానాలు వేయించింది. వీటిని భక్తికి గుర్తులుగా మాత్రమే చెప్పే అలవాటు చరిత్రకారులకు ఉంది గాని, బరువు మూటతో జారుడు రాతిమీద దిగే ముసలివారికి అవి నేటి రహదారి శాఖ పనులవంటివే. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో ఒక ప్రకరణం మొత్తాన్ని ఈ పర్వతానికే కేటాయించాడంటే, ఆ మెట్లు పడకముందే ఇక్కడికి ఎంత జనం తరలివచ్చేవారో ఊహించవచ్చు.

ధనికుడి ప్రయాణం వేరు. చెన్నపట్నం సుప్రీం కోర్టులో దుబాసీ, అంటే రెండు భాషల మధ్య మాట అందించే ఉద్యోగి, అయిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న పరివారంతో కాశీకి బయలుదేరి, కడప, అహోబిలం మీదుగా జూన్ నెలలో ఈ దారి పట్టాడు. పల్లకీ మోసే బోయీలున్నా కొండదారి కష్టం ఆయనకు తప్పలేదని ఆయన రాసిన కాశీయాత్ర చరిత్రలోని మజిలీల వివరణే చెబుతుంది. కర్నూలు నవాబుల ఏలుబడి 1839లో ముగిసేదాకా యాత్రికులు వారికి సుంకం కట్టవలసి వచ్చేది గనుక, మూటలో రొక్కం కూడా ఉండితీరాలి. దొంగల, మృగాల భయమున్న చోట్ల దారి చూపి కాపుకాసినవారు చెంచులు. శ్రీశైలం దేవుడైన మల్లన్నను తమ అల్లుడిగా చెప్పుకునే ఆ అడవి ప్రజలకు ఏ మడుగు ఏ నెలలో ఇంకుతుందో తెలుసు.

అందరూ బెదిరేది చివరి రోజుకే. పెద్దచెరువు గట్టున తెల్లవారకముందే లేచి, నీళ్లు నింపుకొని నడిచినవారికి కొంతదూరం పోయాక లోతైన లోయ అడ్డుపడుతుంది. మెట్ల వెంట మోకాళ్లు వణికేలా భీమునికొలను దాకా దిగి, అక్కడ దాహం తీర్చుకొని, మళ్లీ అంతకంత ఎగబాకితే గాని కైలాసద్వారం రాదు. దిగడంలో కాళ్ల సత్తువ పోగొట్టుకున్నవాడికి ఎక్కడంలో కర్ర దిక్కు. అలవాటుపడినవారు ఈ ఎక్కుడు మొదలుపెట్టేముందు కడుపునిండా తినక, నాలుగు శనగలు, బెల్లంముక్కతో సరిపుచ్చుకునేవారు.

ఇప్పుడీ అడవి నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యంలో భాగం కావడంతో శివరాత్రి, ఉగాది రోజుల్లోనే అటవీశాఖ కాలినడకకు దారి తెరుస్తున్నది. ఉగాదికి వచ్చే కన్నడ భక్తులకు మండుటెండ తోడవుతుంది. అందుకే దారి పొడవునా దాతలు అన్నదాన శిబిరాలతోపాటు మజ్జిగ, మంచినీళ్ల పందిళ్లు వేస్తారు.