చెల్లి గోళ్ళ మీద తుపాకీమందు

మొన్న దీపావళికి ఇంటికెళ్తే మా చెల్లి గుమ్మంలో కూర్చుని, ప్రమిదల పక్కనే నెయిల్ పాలిష్ వేసుకుంటోంది. "ఆ సీసా అవతల పెట్టవే" అని అమ్మ కేకేసింది. "రంగేగా, ఏమవుద్ది?" అంది ఇది. నేను ఊరుకోవచ్చుగా, సీసా తీసి చదివాను. మంట బొమ్మ, పక్కన ఇథైల్ ఎసిటేట్, బ్యూటైల్ ఎసిటేట్, నైట్రోసెల్యులోజ్. ఆ చివరి పేరు పట్టుకుని వెతకడం మొదలుపెట్టి రాత్రి రెండింటిదాకా లేవలేదు. జావా రాసుకునేవాడికి ఈ కెమిస్ట్రీ ఎందుకంటారా, చెప్తా ఉండండి.

చెక్క గుజ్జునో, పత్తి గింజల మీద మిగిలే నూగునో నైట్రిక్ యాసిడ్, గంధకామ్లం కలిపిన దాంట్లో ముంచితే వచ్చేదే ఇది. చూడ్డానికి మామూలు దూదే. దాంట్లోకి ఎక్కే నైట్రోజన్ సుమారు 12 శాతమో అంతకన్నా తక్కువో ఉంటే గోళ్ళరంగు, వార్నిష్. 12.6 దాటితే తుపాకీమందు. మన భాషలో చెప్పాలంటే కోడ్ ఒకటే, కాన్ఫిగ్ ఫైల్లో ఒక్క నంబరు తేడా. అయితే తక్కువ నైట్రోజన్ ఉన్నది కూడా ఆరిపోతే భగ్గుమంటుంది, అది మర్చిపోకూడదు.

దీన్ని 1846లో లోకానికి చెప్పినవాడు స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో పనిచేసిన షోన్‌బైన్. వంటింట్లో ఆమ్లం ఒలికితే భార్య ఏప్రన్‌తో తుడిచి పొయ్యి దగ్గర ఆరేశాడనీ, అది మాయమైపోయిందనీ ఒక కథ ఉంది. నిజమో కాదో గానీ కథ బాగుంటుంది. మరుసటేడు, 1847లోనే, ఇంగ్లాండ్‌లో ఫేవర్‌షామ్‌లోని ఫ్యాక్టరీ పేలిపోయి పనివాళ్ళు చచ్చిపోయారు. ఆ తర్వాత చాలా ఏళ్ళు దీని జోలికి వెళ్ళడానికే జంకారు.

పోగుల లోపల దాక్కున్న ఆమ్లం పూర్తిగా పోకపోతే సరుకు తనంతట తనే కుళ్ళి వేడెక్కుతుంది. 1860లలో ఫ్రెడరిక్ ఏబెల్ దానికి మందు కనిపెట్టాడు. కాగితం మిల్లులో లాగా పోగుల్ని ముక్కలు ముక్కలుగా నూరి, మళ్ళీ మళ్ళీ కడగడం. అంతే! కనిపెట్టినవాడి పేరు ప్రతి పుస్తకంలో ఉంటుంది, కడగడం నేర్పినవాణ్ణి ఎవరూ తలుచుకోరు. మన టెస్టింగ్ టీం పరిస్థితి కూడా ఇదే కదా.

తర్వాత ఇది సినిమా రీళ్ళలోకి వెళ్ళింది. మన భక్త ప్రహ్లాద (1932) కాలం సినిమాలన్నీ నైట్రేట్ ఫిల్మ్ మీదవే. తగలబడితే తన ఆక్సిజన్ తనే తెచ్చుకుంటుంది కాబట్టి నీళ్ళలో ముంచినా ఆరదు. 1929లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో ఈ రకం ఎక్స్‌రే ఫిల్ములు అంటుకుని, వచ్చిన విషవాయువుల వల్ల 123 మంది పోయారు. 2003 జనవరిలో పూణేలో ఫిల్మ్ ఆర్కైవ్ వాళ్ళ నైట్రేట్ రీళ్ళు కాలి బూడిదయ్యాయి. మళ్ళీ తీయగలిగే సినిమాలా అవి?

గోళ్ళ మీదకి మాత్రం కార్ల దారిలో వచ్చింది. 1920లలో డ్యుపాంట్ వాళ్ళ డ్యూకో రంగుతో కారు పెయింట్ వారాలు పట్టేది గంటల్లో ఆరడం మొదలైంది. త్వరగా ఆరి మెరిసే ఆ గుణమే గోళ్ళరంగుక్కూడా కావాలి.

ఇదంతా పాతకాలం గొడవ అనుకునేవాళ్ళు 2015 ఆగస్టు 12 రాత్రి చైనాలో తియాన్‌జిన్ రేవులో జరిగింది చదవండి. నైట్రోసెల్యులోజ్‌ని కనీసం 25 శాతం నీళ్ళతోనో ఆల్కహాల్‌తోనో తడిపి ఉంచాలన్నది రవాణా నియమం. అక్కడ ఒక కంటైనర్లో ఎండకి ఆ తడి ఆరిపోయి, సరుకు దానంతటదే అంటుకుందని దర్యాప్తులో తేలింది. ఆ మంట పక్కనున్న అమ్మోనియం నైట్రేట్‌ని చేరింది. చనిపోయినవాళ్ళూ ఆచూకీ దొరకనివాళ్ళూ కలిపి 173 మంది, అందులో సగం పైన మంటలార్పడానికి వెళ్ళినవాళ్ళే. తడి చూసే పని ఎవడిదో, వాడు చూళ్ళేదు.

చెల్లి సీసాలో ఉన్నది కొంచెమే, అదీ ద్రావణంలో కరిగి ఉంటుంది, కాబట్టి పేలుతుందని భయపడక్కర్లేదు. ముందు అంటుకునేది ఆ ద్రావణం ఆవిరి. అందుకే మూత బిగించాలి, కిటికీ తీసుకుని వేసుకోవాలి, దీపానికీ పొయ్యికీ దూరంగా ఉండాలి. ఇదంతా చెప్తే సీసా బీరువాలోకి వెళ్ళింది. రిమూవర్ తడి దూది మాత్రం ఇంకా గ్యాస్ పొయ్యి పక్కనున్న చెత్తబుట్టలోనే పడేస్తోందట, అమ్మ ఫోన్లో చెప్పింది.