ఎర్ర క్లోవర్ గింజ కట్టిన కథ

న్యూజిలాండ్‌కు వలస వెళ్లిన బ్రిటన్ రైతులు పశువుల మేతకు ఎర్ర క్లోవర్ వేశారు. పైరు ఏపుగా పెరిగింది, విరగబూసింది. గింజే సరిగా పట్టలేదు. విత్తనాలు ఓడల మీద తెప్పించుకోక తప్పలేదు. నేలలో లోపమంటే ఒప్పుకోలేం, అలాగైతే పైరే ఎదిగేది కాదు. లోపం పూవు దగ్గరే ఉంది. క్లోవర్ పూగుత్తి నిండా సన్నని గొట్టాలు, తేనె వాటి అడుగున. ఒళ్లంతా నూగుతో బొద్దుగా ఉండే బంబుల్ తేనెటీగ పొడవాటి నాలుకను లోపలికి దించినప్పుడు తలకు పుప్పొడి అంటుకుని మరో పూవుకు చేరుతుంది. డార్విన్ లెక్కపెట్టి చూశాడు: తేనెటీగలు వాలిన 100 పూగుత్తులు 2,700 గింజలిచ్చాయి, వల కప్పిన 100 గుత్తుల్లో ఒక్కటీ లేదు.

మామూలు తేనెటీగలు 1839 నుంచే అక్కడున్నాయి కదా అనవచ్చు. అవి క్లోవర్ మీద బొత్తిగా వాలవని కాదు. నాలుక పొట్టిది కాబట్టి తేనె సులువుగా అందే పూల వైపే ఎక్కువగా పోతాయి. 1885లో ఇంగ్లండ్ నుంచి బంబుల్ రాణులను తెచ్చి న్యూజిలాండ్‌లోని కాంటర్‌బరీలో వదిలారు. అవి స్థిరపడ్డాక గింజ దిగుబడి పెరిగింది. నా దృష్టిలో ఇంతకన్నా గట్టి సాక్ష్యం అక్కర్లేదు. అలా వెళ్లిన వాటిలో పొట్టి నూగు జాతి తర్వాత బ్రిటన్‌లోనే అంతరించింది, న్యూజిలాండ్‌లో మిగిలింది.