గండికోటలో రెండు గంటలుంటే ఏం చూడాలి?

జమ్మలమడుగు నుంచి 15 కిలోమీటర్లు పోతే గండికోట. చాలామంది పెన్నా లోయ దగ్గర రీల్ తీసుకుని వెనక్కి తిరిగేస్తారు. కానీ అసలు కథ కోటలోపలే ఉంది.

1652లో ఫ్రెంచ్ నగల వ్యాపారి టావెర్నియర్ మచిలీపట్నం రేవులో ఓడ దిగి, మద్రాసు మీదుగా ఇంతదూరం వచ్చాడు. ఎందుకంటే గోల్కొండ సుల్తానుకు నగలమ్మాలంటే ముందు సేనాని మీర్ జుమ్లాకు చూపించాలి. పెమ్మసాని నాయకుల నుంచి ఈ కోటను గెలిచిన మీర్ జుమ్లా అప్పుడు ఇక్కడే ఉన్నాడు.

రెండు గంటలే టైముంటే మాధవరాయస్వామి గుడి, జుమ్మా మసీదు, ధాన్యాగారం చూడండి. శత్రువును లోయ ఆపుతుంది, సరే. లోపలివాళ్ల ఆకలి తీర్చేది మాత్రం ధాన్యాగారమే కదా! ఇంకో మాట: గోడల మీద పేర్లు చెక్కొద్దు. అరిగిన రాయి మళ్లీ రాదు.