రవ్వల కమ్మలు: రంగు, కట్టు

మన ఇళ్లలో అమ్మమ్మల నాటి రవ్వల కమ్మలు, ముక్కుపుడకలు ఇంకా ఉన్నాయి. కృష్ణ ఒడ్డున కొల్లూరు వంటి గనుల్లో దొరికి, గోల్కొండలో అమ్ముడైనవే గోల్కొండ వజ్రాలు. వాటిలో మేలైనవి నీళ్లలా తేటగా ఉంటాయి. వజ్రంలో నత్రజని చేరితే పసుపు, బోరాన్ చేరితే నీలం. వాషింగ్టన్‌లోని 45.52 క్యారెట్ల నీలి హోప్ వజ్రం కొల్లూరుదేనని చెబుతారు.

పాత నగల్లో రాయి వెనక మూసి ఉంటుంది. కింద పెట్టిన రేకు మెరుపునిస్తుంది, అసలు రంగును దాస్తుంది. ఇప్పటి కట్టులో వెనక తెరిచి ఉండడంతో వెలుతురు ఆడుతుంది.

కమ్మలు మార్పించేటప్పుడు రాళ్లు మీ ఎదుటే తీయించి, లెక్కపెట్టి, తూకం వేయించండి. క్యారెట్టంటే 200 మిల్లీగ్రాములు. అదంతా కాగితం మీద రాయించుకోండి. రాయి మారితే అడగడానికి ఆ కాగితమే ఆధారం.