మీటర్ లేని మాటలు

ఎస్టీడీ బూత్‌లో ఎర్ర అంకెలు పరిగెత్తే మీటర్ మనలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. అమెరికాలో ఉన్న కూతురితో మాట్లాడే తల్లికి చెవి ఫోన్ మీద, కన్ను మీటర్ మీద. "తిన్నావా, ఆరోగ్యం జాగ్రత్త" అనేసరికే చేతిలో డబ్బుకు సరిపోయేది. అడగాల్సిన అసలు మాట అలాగే ఉండిపోయేది. ఆ మీటర్ మన మధ్య నుంచి ఎలా తప్పుకుందో చెప్పుకుందాం.

1995లో ఇజ్రాయెల్‌కు చెందిన వోకల్‌టెక్ సంస్థ 'ఇంటర్నెట్ ఫోన్' అనే సాఫ్ట్‌వేర్ తెచ్చింది. మాటను చిన్నచిన్న ముక్కలు చేసి ఇంటర్నెట్‌లో పంపి, అవతల మళ్లీ కలపడం దాని పని. కానీ ఇద్దరి దగ్గరా కంప్యూటరూ, అదే సాఫ్ట్‌వేరూ ఉండాలి. ఇద్దరూ ఒకే వేళకు దాని ముందు కూర్చోవాలి. మన అమ్మలకు అయ్యే పనేనా?

1999లో అమెరికాలో డయల్‌ప్యాడ్ అనే వెబ్‌సైట్ వచ్చింది. సైటు తెరిచి నంబర్ నొక్కితే ఆ దేశంలో ఎవరింట్లో మామూలు ఫోనైనా మోగేది, అదీ ఉచితంగా! నా దృష్టిలో అసలు మలుపు ఇదే. అవతలివాళ్లు ఏమీ కొనక్కర్లేదు, నేర్చుకోనక్కర్లేదు. రిసీవర్ ఎత్తితే చాలు. అయితే ప్రకటనల డబ్బుతోనే నడపడం సాగలేదు. చివరికి 2005లో యాహూ దాన్ని కొనేసింది.

మన దేశంలో ఇంటర్నెట్ ఫోన్‌కు అనుమతి 2002 ఏప్రిల్ 1న వచ్చింది. అప్పట్లో కంప్యూటర్ నుంచి విదేశాల్లోని ఫోన్‌కు చేసుకోనిచ్చేవారు గానీ, పక్క ఊరి ఫోన్‌కు చేయనిచ్చేవారు కాదు! 2003లో స్కైప్ వచ్చింది. 2011లో గూగుల్ వెబ్‌ఆర్‌టీసీని ఎవరైనా వాడుకునేలా విడుదల చేశాక, వేరే సాఫ్ట్‌వేర్ ఎక్కించకుండా బ్రౌజర్‌లోనే మాట్లాడుకునే దారి తెరుచుకుంది. 2015లో వాట్సాప్ కాల్స్ వచ్చి, కంప్యూటర్ అవసరం కూడా లేకుండా చేశాయి.

తగ్గింది ఖర్చొక్కటే కాదండీ. దూరదేశంలో కొత్త కాపురం పెట్టిన పిల్ల మూడు నిమిషాల్లో "అంతా బాగానే ఉందమ్మా" అని ఫోన్ పెట్టేయగలదు. కూర తరుగుతూ అరగంట మాట్లాడితే మాత్రం గొంతులో తేడా ఎక్కడో ఒకచోట బయటపడుతుంది. అమ్మ అప్పుడు అడుగుతుంది, పిల్ల చెబుతుంది. ఆ అరగంట ఇప్పుడు మన చేతిలోనే ఉంది. ఫార్వర్డ్ చేసిన గుడ్ మార్నింగ్ బొమ్మలతో సరిపెట్టుకోకుండా, ఇవాళ ఓసారి కాల్ చేయండి.