సైకోలిటిక్ చికిత్స

ఎల్‌ఎస్‌డి, సైలోసైబిన్ వంటి మనోభ్రాంతి కలిగించే మందును తక్కువ మోతాదులో పలుమార్లు ఇస్తూ, ఆ మందు పనిచేస్తున్న గంటల్లోనూ ఆ తర్వాతి రోజుల్లోనూ వైద్యుడు రోగితో మాట్లాడుతూ నడిపే మానసిక చికిత్సను సైకోలిటిక్ చికిత్స అంటారు. మనసులో బిగుసుకున్న ముడులను సడలించేది అన్న భావంతో 1960లో బ్రిటిష్ వైద్యుడు రోనాల్డ్ శాండిసన్ ఈ పేరు పెట్టాడు. ఈ పద్ధతిలో మోతాదు సాధారణంగా 25 మైక్రోగ్రాములతో మొదలై, రోగిని బట్టి మెల్లగా పెరుగుతూ 200 దాకా వెళ్లేది. రోగికి తెలివి తప్పదు. తానెక్కడున్నదీ, ఎవరితో మాట్లాడుతున్నదీ తెలుస్తూనే ఉంటుంది. మరచిపోయిన చిన్ననాటి సంగతులు, అణచుకున్న భయాలు, కోపాలు మాత్రం అసాధారణమైన స్పష్టతతో పైకి వస్తాయి. వాటిని పట్టుకుని మాట్లాడటమే చికిత్స. మందు అందుకు దారి తీసే సాధనం మాత్రమే.

మెక్సికోలోని మసటెక్ తదితర ప్రజలు సైలోసైబిన్ పుట్టగొడుగులను రోగ నివారణ క్రతువుల్లో ఎన్నో తరాలుగా వాడుతున్నారు.

ఆధునిక వైద్యంలో ఈ కథ స్విట్జర్లాండ్‌లోని బాసెల్ నగరంలో మొదలైంది. శాండోజ్ మందుల సంస్థలో రసాయన శాస్త్రవేత్త ఆల్బర్ట్ హాఫ్‌మన్ 1938లో ఎర్గాట్ శిలీంధ్రపు రసాయనాలపై పనిచేస్తూ ఎల్‌ఎస్‌డిని తయారుచేశాడు. రై కంకులకు పట్టే ఈ శిలీంధ్రం, మన సజ్జ కంకులకు తేనెబంక తెగులు తెచ్చే శిలీంధ్రం ఒకే ప్రజాతికి చెందినవి. మనసు మీద ఆ మందు ప్రభావం బయటపడింది మాత్రం 1943 ఏప్రిల్‌లో. ఆ నెల 19న హాఫ్‌మన్ కావాలనే 250 మైక్రోగ్రాములు మింగి చూశాడు. చాలా చిన్న మోతాదు అనుకున్నది చాలా పెద్దదని తేలింది. 1947లో జ్యూరిక్ మానసిక వైద్యుడు వెర్నర్ స్టోల్ దీనిపై తొలి వైద్య పరిశీలన ప్రచురించాడు. శాండోజ్ దీన్ని డెలిసిడ్ పేరుతో పరిశోధకులకు పంపిణీ చేసింది. రోగి మనసులో అణిగిపోయిన విషయాలను మానసిక చికిత్సలో వెలికితీయడానికీ, వైద్యుడు తానే తీసుకుని ఉన్మాద స్థితి ఎలా ఉంటుందో గ్రహించడానికీ పనికొస్తుందని సంస్థ సూచించింది. మాటలతో సాగే చికిత్సకు ఇది తోడ్పడవచ్చని 1950లో బుష్, జాన్సన్ అనే అమెరికన్ వైద్యులు ఒక చిన్న వ్యాసంలో రాశారు.

పోయిక్ ఆసుపత్రి

ఒక వైద్యుడి ప్రయత్నంగా మిగలకుండా, ఆసుపత్రి దినచర్యలో భాగమై ఈ పద్ధతి నిలదొక్కుకున్నది ఇంగ్లండ్‌లోని వూస్టర్ పట్టణం దగ్గర, పోయిక్ ఆసుపత్రిలో. ఈ పిచ్చాసుపత్రిని 1852లో తెరిచారు. 1951లో శాండిసన్ చేరేనాటికి అది కిక్కిరిసిన, నిధుల్లేని చోటు. షెట్లాండ్ దీవుల్లో పుట్టిన శాండిసన్ (1916–2010) మనోవిశ్లేషకుడు కార్ల్ యుంగ్ సిద్ధాంతాల వైపు మొగ్గిన ఓపిక గల వైద్యుడు. 1952లో స్విట్జర్లాండ్ పర్యటనలో హాఫ్‌మన్‌ను కలిసి, ఎల్‌ఎస్‌డి ఆంపూల్స్ వెంట తెచ్చుకున్నాడు. ఏళ్ల తరబడి మాటల చికిత్సకు లొంగని న్యూరోసిస్ రోగులకు, ముఖ్యంగా భయాలు, వదలని ఆలోచనలతో బాధపడేవారికి ఇవ్వడం మొదలుపెట్టాడు.

1954లో శాండిసన్, ఆసుపత్రి అధిపతి ఆర్థర్ స్పెన్సర్, వైట్‌లా కలిసి 36 మంది రోగుల అనుభవాన్ని 'జర్నల్ ఆఫ్ మెంటల్ సైన్స్' పత్రికలో ప్రచురించారు. ఫలితాలు ఆశాజనకంగా ఉన్నాయని వారి అభిప్రాయం. పోల్చి చూడటానికి మందు తీసుకోని రోగుల బృందం అందులో లేదు. ఆ కాలపు మానసిక వైద్య నివేదికల్లో చాలావాటికి ఈ లోపం ఉంది. 1955లో ఈ చికిత్స కోసమే పోయిక్‌లో ప్రత్యేక విభాగం కట్టారు. ఒకేసారి ఐదుగురికి వైద్యం చేయగల వీలుండేది. మందు తీసుకున్న రోగి తన గదిలో ఉంటే, నర్సు గంటల తరబడి కనిపెట్టుకుని ఉండేది. వైద్యుడు వచ్చి మాట్లాడి వెళ్లేవాడు. తర్వాత రోగులు కలిసి కూర్చుని అనుభవాలు చెప్పుకునేవారు. ఈ తోడు, ఈ మాటలే పోయిక్ పద్ధతికి ప్రాణం. మందు ఇచ్చి రోగిని ఒంటరిగా వదిలేసిన చోట్ల ఇలాంటి ఫలితాలు ఆశించడం తగదు. శాండిసన్ 1964లో పోయిక్ వదిలాడు. స్పెన్సర్ కొంతకాలం కొనసాగించాడు. అక్కడ మొత్తం 683 మందికి 13,785 విడతల చికిత్స జరిగింది. అంటే సగటున ఒక్కొక్కరికి 20 విడతలు.

అందరికీ మేలే జరగలేదు. తమకు హాని జరిగిందని కొందరు మాజీ రోగులు దశాబ్దాల తర్వాత కోర్టుకెక్కారు. 2002లో బ్రిటన్ జాతీయ ఆరోగ్య సేవ 43 మందికి మొత్తం 1,95,000 పౌండ్లు చెల్లించి కోర్టు బయట పరిష్కరించుకుంది.

వ్యాప్తి

లండన్‌లోని మార్ల్‌బరో డే హాస్పిటల్‌లో థామస్ లింగ్, జాన్ బక్‌మన్ ఎల్‌ఎస్‌డికి రిటలిన్ అనే ఉత్తేజక మందు జోడించి వాడి, 1963లో పుస్తకం రాశారు. జర్మనీలో గోటింగెన్ విశ్వవిద్యాలయానికి చెందిన హాన్స్‌కార్ల్ లాయ్‌నర్ 1960లో నిర్వహించిన సదస్సులోనే సైకోలిటిక్ అన్న పేరు స్థిరపడింది. 1964లో ఈ చికిత్స చేసే ఐరోపా వైద్యుల సంఘం ఒకటి ఏర్పడింది. చెకొస్లొవాకియాలో ప్రభుత్వ సంస్థ స్పోఫా సొంతంగా ఎల్‌ఎస్‌డి తయారు చేసింది. ప్రాగ్‌లో స్తానిస్లావ్ గ్రోఫ్, సద్‌స్కాలో మిలన్ హౌస్నర్ ఒకే రోగికి అనేక విడతలు ఇస్తూ సునిశితమైన పరిశీలనలు చేశారు. నెదర్లాండ్స్‌లో యాన్ బాస్టియాన్స్ నాజీ నిర్బంధ శిబిరాల నుంచి బతికి బయటపడినవారికి ఈ చికిత్స చేశాడు. మాటల్లో చెప్పలేని భీతిని మోస్తున్న ఆ మనుషులతో మాట్లాడించగలగడం ఈ పద్ధతి చరిత్రలో గౌరవించదగ్గ అధ్యాయం.

అమెరికాలో లాస్ ఏంజెలెస్ వైద్యుడు సిడ్నీ కోహెన్, మనస్తత్వవేత్త బెట్టీ ఐస్నర్ 1958లో 22 మంది రోగుల గురించి రాశారు. నటుడు కేరీ గ్రాంట్ బెవర్లీ హిల్స్‌లో ఇలాంటి చికిత్స పొంది బహిరంగంగా మెచ్చుకున్నాడు. కెనడాలోని సస్కాచువాన్‌లో హంఫ్రీ ఆస్మండ్ బృందం మాత్రం వేరే దారి పట్టింది. తాగుడు వ్యసనపరులకు ఒకటి రెండుసార్లే పెద్ద మోతాదు ఇచ్చి, ఆ ఒక్క అనుభవంతోనే జీవితం మలుపు తిరగాలని ఆశించేది. సైకెడెలిక్ చికిత్స అని పిలిచేది దీన్నే. అమెరికాలో కాలక్రమాన ఈ పెద్ద మోతాదు పద్ధతిదే పైచేయి అయింది.

నిలుపుదల

ఎల్‌ఎస్‌డి ఆసుపత్రులు దాటి వీధుల్లోకి రావడంతో శాండోజ్ 1966లో సరఫరా ఆపింది. మనోప్రభావక మందులపై 1971లో కుదిరిన అంతర్జాతీయ వియన్నా ఒప్పందం దాన్ని అత్యంత కఠినమైన నియంత్రణ గల మొదటి జాబితాలో చేర్చింది. అదే ఏడాది బ్రిటన్‌లో నికొలస్ మాలెసన్ సుమారు 4,300 మంది రోగుల వివరాలు సేకరించి, ఆత్మహత్యలు, దీర్ఘకాల ఉన్మాదం వంటివి కొన్ని జరిగినా, అనుభవజ్ఞుల చేతిలో ఈ చికిత్స చాలావరకు సురక్షితమేనని తేల్చాడు. అప్పటికే తలుపులు మూసుకున్నాయి. బాస్టియాన్స్ మాత్రం ప్రత్యేక అనుమతితో 1980ల దాకా కొనసాగించాడు. స్విట్జర్లాండ్ 1988 నుంచి 1993 వరకు కొద్దిమంది వైద్యులకు ఎల్‌ఎస్‌డి, ఎండీఎంఏ అనే మరో మందు వాడే అనుమతి ఇచ్చింది. ఆ సంప్రదాయంలోంచి వచ్చిన స్విస్ వైద్యుడు పీటర్ గాసర్ 2014లో తీవ్రవ్యాధులతో మానసిక ఆందోళన పడుతున్న 12 మందిపై చేసిన అధ్యయనం ప్రచురించాడు. అందులో 200 మైక్రోగ్రాములు అసలు మోతాదు, 20 మైక్రోగ్రాములు పోలిక కోసం.

2000 తర్వాత మళ్లీ మొదలైన పరిశోధనల్లో ఎక్కువ భాగం సైలోసైబిన్ పెద్ద మోతాదుతో ఒకటి రెండు విడతలే. ఆస్ట్రేలియా 2023 జులై నుంచి అనుమతి పొందిన సైకియాట్రిస్టులు సైలోసైబిన్, ఎండీఎంఏ ఇవ్వడానికి వీలు కల్పించింది. మాటల చికిత్సతో కలిపి ఇచ్చే ఎండీఎంఏను అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2024లో తిరస్కరించి, మరో పరీక్ష కోరింది. ఇటీవల వినిపించే మైక్రోడోసింగ్, అంటే 10 మైక్రోగ్రాముల ప్రాంతపు మోతాదును సొంతంగా తీసుకోవడం, సైకోలిటిక్ చికిత్స కాదు. అందులో వైద్యుడూ లేడు, సంభాషణా లేదు. భారతదేశంలో ఎల్‌ఎస్‌డి, సైలోసైబిన్ 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం పరిధిలోకి వస్తాయి. ఎల్‌ఎస్‌డి 0.1 గ్రాము దాటితే చాలు, ఆ చట్టం దాన్ని వాణిజ్య పరిమాణంగా లెక్కిస్తుంది.