వెన్ను లాగే వైద్యం: కుబ్జ కథ నుంచి కంప్యూటర్ బల్ల దాకా

మథురా నగర వీధిలో కృష్ణుడు కుబ్జ గూనిని సరిచేసిన ఘట్టం పోతన భాగవతం చదివినవాళ్లందరికీ గుర్తే. ఆమె పాదాల మీద తన పాదాలు అదిమి, గడ్డం కింద రెండు వేళ్లు పెట్టి పైకెత్తాడు. ట్రాక్షన్, అంటే వెన్నును లాగే చికిత్సకు తొలి వర్ణన ఇదేనని రాసిన వైద్యులున్నారు. పురాణాన్ని వైద్యగ్రంథం చెయ్యనక్కర్లేదు గానీ, సాగదీస్తే వెన్ను బాగుపడుతుందన్న ఊహ ఎంత పాతదో దీన్నిబట్టి తెలుస్తుంది. ఇవాళ మన ఊళ్లలో బోర్డులకెక్కిన ‘ఆపరేషన్ లేకుండా స్పైనల్ డీకంప్రెషన్’ ఆ ఊహకు తాజా రూపమే.

వైద్యులు రాసిపెట్టిన చరిత్ర గ్రీసులో మొదలవుతుంది. హిపోక్రటీస్ పేరుతో నిలిచిన ‘కీళ్ల గురించి’ అనే గ్రంథంలో రెండు పద్ధతులున్నాయి. మొదటిది నిచ్చెన. దానికి మెత్తలు పరిచి రోగిని కట్టేవారు. గూని మెడకు దగ్గరగా ఉంటే కాళ్లు కిందికి, నడుముకు దగ్గరగా ఉంటే తల కిందికి పెట్టి, ఎత్తైన గోడ మీదికి తాళ్లతో లాగి ఒక్కసారిగా కిందికి వదిలేవారు. ఈ పద్ధతిని వర్ణించిన రచయితే, జనం నోళ్లు వెళ్లబెట్టి చూడాలని మోసగాళ్లు దీన్ని వాడుతున్నారనీ, అందుకే తాను దీన్ని వాడటానికి సిగ్గుపడ్డాననీ రాసుకున్నాడు. రెండోది బల్ల. రోగిని బోర్లా పడుకోబెట్టి, చంకల కింద ఒక పట్టీ, నడుముకూ కాళ్లకూ మరికొన్ని పట్టీలు బిగించి, ఇద్దరు మనుషులు చెరోవైపు లాగుతుంటే వైద్యుడు గూని మీద అరచేత్తో అదిమేవాడు. చెయ్యి చాలకపోతే గూని మీద కూర్చునేవాడు. ఈ బల్లే తర్వాత అరబ్బు వైద్యుల దాకా నడిచింది. 1465లో టర్కీలోని అమాస్యాలో వైద్యుడు సబుంజుఒగ్లు రాసిన శస్త్రచికిత్స గ్రంథంలో ఇలాంటి పద్ధతులకు బొమ్మలు కూడా ఉన్నాయి.

19వ శతాబ్దంలో మళ్లీ ఒక ఊపు వచ్చింది. 1883లో ఒడెస్సా వైద్యుడు మొచుత్కోవ్‌స్కీ, వెన్నుపాము దెబ్బతిని నడక తప్పిన రోగులను తలకూ చంకలకూ పట్టీలు వేసి వేలాడదీస్తే మేలు కనిపించిందని రాశాడు. 1889లో పారిస్‌లో పేరుమోసిన నరాల వైద్యుడు షార్కో అంతటివాడు దాన్ని చేపట్టేసరికి యూరప్ అంతా వేలాడదీయడం మొదలుపెట్టింది. ఆ జబ్బుకు మూలం సిఫిలిస్. పట్టీలకు వేలాడితే సిఫిలిస్ పోదు. కొన్నేళ్లకే ఆ ఉత్సాహం చల్లారింది.

1934లో బోస్టన్ వైద్యులు మిక్స్‌టర్, బార్ కలిసి, వెన్నుపూసల మధ్య డిస్క్ చీలి నరాన్ని నొక్కడం వల్ల కాలిలోకి పాకే నొప్పి వస్తుందని చూపించారు. లాగడానికి ఇప్పుడొక లెక్క దొరికింది: పూసల మధ్య ఎడం పెరిగితే డిస్క్ వెనక్కి పోవాలి కదా! లండన్ సెయింట్ థామస్ ఆసుపత్రిలో జేమ్స్ సిరియాక్స్ దీన్ని గట్టిగా ప్రచారం చేశాడు. నడుముకు బెల్టు కట్టి, మంచం చివర కప్పీ మీదుగా బరువులు వేలాడదీసే ట్రాక్షన్ మన ఆసుపత్రుల్లో ఎంతోమందికి అనుభవమే.

1980ల తర్వాత కంప్యూటర్ వచ్చింది. కెనడా వైద్యుడు అలన్ డయర్ రూపొందించిన వాక్స్-డి బల్ల రెండు ముక్కలుగా జరిగి, నడుమును విడతలు విడతలుగా లాగి వదులుతుంది. అలా లాగినప్పుడు డిస్క్ లోపలి ఒత్తిడి సున్నా కంటే కిందికి దిగిందని 1994లో ఒక పరిశోధన ప్రచురించారు. కొలిచింది కొద్దిమంది రోగుల్లోనే. ఒత్తిడి తగ్గడమూ రోగి కోలుకోవడమూ ఒకటి కావు. ‘ఇది ట్రాక్షన్ కాదు, డీకంప్రెషన్’ అని ప్రకటనలు చెబుతాయి గానీ, అమెరికా నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఇలాంటి యంత్రాలను కరెంటుతో నడిచే ట్రాక్షన్ పరికరాల కింద లెక్కగట్టే అమ్మకానికి అనుమతించింది.

ఇక ఫలితాల మాట. 2009లో నెదర్లాండ్స్‌లో 60 మంది నడుం నొప్పి రోగులను రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు కంప్యూటర్ బల్ల మీద నిజంగా లాగారు. రెండో జట్టును అదే బల్ల మీద పడుకోబెట్టి, పేరుకు మాత్రం లాగారు. రెండు జట్లకూ నొప్పి తగ్గింది, తేడా లేకుండా! యంత్రం వల్లే బాగయిందని చెప్పే రోగులు అబద్ధమాడటం లేదని నేను నమ్మేది ఇందుకే. డిస్క్ నొప్పి చాలామందికి వారాల్లో, నెలల్లో తనంతట తానే తగ్గుతుంది. ఆ పేరు యంత్రానికి పోతుంది. వైద్య పరిశోధనలను బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2013 సమీక్ష 32 అధ్యయనాలను, 2,762 మంది రోగులను పరిశీలించి, నడుం నొప్పికి ట్రాక్షన్ వల్ల ప్రయోజనం దాదాపు లేదని తేల్చింది. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలిచ్చే నైస్ సంస్థ 2016లో దాన్ని ఇవ్వవద్దనే చెప్పింది. మెడ సంగతి కొంత వేరు. చేతిలోకి పాకే మెడ నొప్పి ఉన్న 86 మందిపై 2014లో వచ్చిన అధ్యయనంలో, వ్యాయామానికి తోడు మెడకు ట్రాక్షన్ ఇచ్చినవాళ్లు ఎక్కువ మేలు పొందారు. అక్కడా వ్యాయామం మానలేదు.

కాబట్టి నడుం నొప్పికి ఇరవై సిట్టింగుల ప్యాకేజీకి ముందే డబ్బు కట్టమంటే కట్టకండి. మంచం పట్టకుండా మెల్లగా నడవండి, ఫిజియోథెరపిస్టు దగ్గర వ్యాయామాలు నేర్చుకోండి. మూత్రం మీద అదుపు తప్పినా, తొడల మధ్య స్పర్శ తెలియకపోయినా, పాదం ఎత్తలేకపోయినా మాత్రం ఏ బల్లా ఎక్కకుండా అదే రోజు పెద్దాసుపత్రికి వెళ్లండి.